ఈస్ట్ సెల్‌లో సంభవించిన మరణాలు

గేదెల సింధూర అయిదేళ్లుగా ఈస్ట్‌ను బాధపెట్టి, ఆ బాధ ఎంతో కొలిచే పనిలో ఉంది. బేకరీలో పిండిని పొంగించేదీ, కుండలో కల్లును పులియబెట్టేదీ అయిన ఆ ఈస్టే. మనుషులు దిగులుకు వేసుకునే మాత్రలను ఆమె నీళ్లలో కరిగించి ఆ కణాలకు పోసేది. ఆక్సిజన్ లోపల్లోపలే విషమై కణాన్ని కొరుక్కుతినే స్థితిని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. దిగులు మాత్రలు ఆ స్ట్రెస్‌ను పెంచుతాయా, తగ్గిస్తాయా, పక్కనే సి విటమినో ఇ విటమినో పోస్తే ఏమవుతుంది అన్నది ఆమె పిహెచ్‌డి ప్రశ్న. జవాబు ముప్పాతిక వంతు దొరికింది. ఆమె ఈస్ట్ పెంచే గాజు పళ్లేల్లో మాత్ర మోతాదు పెరిగేకొద్దీ కణాల అవస్థ పెరిగింది. కాస్త విటమిన్ పోస్తే తేరుకున్నాయి. మేలు చేస్తోంది కదా అని మరికాస్త పోస్తే మొదటికంటే అన్యాయమైపోయాయి. ఈ చివరి సంగతి ఇంకొక్కసారి చేసి చూసుకుంటే థీసిస్ పూర్తవుతుంది.

అందుకు ఆరు నెలల గడువు కావాలి. మార్చి ముప్పై ఒకటితో ఆమె రిజిస్ట్రేషన్ ముగుస్తుంది. ఆలోగా పొడిగింపు ఉత్తర్వు రాకపోతే అయిదేళ్ల పని గాల్లో కలిసినట్టే. జనవరి మొదటి వారంలో ఆమె దరఖాస్తు రాసుకుని పరిపాలనా భవనానికి వెళ్లింది.

ఆ విశ్వవిద్యాలయం సముద్రానికి నాలుగు మైళ్ల దూరంలో జీడితోటల మధ్య ఉంటుంది. వైస్ ఛాన్సలర్ గారు డిసెంబరులో ఎక్కడో మాతృభాషా సదస్సుకు వెళ్లొచ్చి, కొత్త సంవత్సరం నుంచి ప్రతి ఫైలూ తెలుగులోనే నడవాలని ఆజ్ఞాపించారు. ఒక్క ఇంగ్లీషు అక్షరం కనబడినా ఫైలు వెనక్కి పంపాలన్నారు. ఆ వారంలోనే ఆరోగ్య కేంద్రం వాళ్లు రక్తం గ్రూపులన్నిటినీ తెలుగులోకి మార్చారు. గణితశాస్త్ర విభాగం వాళ్లు ఎక్స్‌కు బదులు ఏ అక్షరం వాడాలో తేల్చుకోలేక సెలవు పెట్టారు.

సింధూర థీసిస్ పేరును అచ్చమైన తెలుగులోకి మార్చి రాసింది. సెక్షన్ సూపరింటెండెంటు ఒప్పుకోలేదు. రిజిస్టరైన పేరు మార్చడానికి వేరే ఫైలు, వేరే కమిటీ ఉన్నాయనీ, ఉన్న పేరునే తెలుగు అక్షరాల్లో రాసి ఇమ్మనీ అన్నాడు. ఆమె అలాగే రాసిచ్చింది: "ఎఫెక్ట్ ఆఫ్ యాంటిడిప్రెసెంట్స్ అండ్ యాంటీ ఆక్సిడెంట్ విటమిన్స్ ఆన్ ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఇన్ ఈస్ట్ సెల్స్." దానికి నాలుగేళ్ల ప్రగతి నివేదికలు జతచేసింది.

సూపరింటెండెంటు చేయవలసింది వాటి సారాంశాన్ని నాలుగు వాక్యాల్లో పైకి పంపడం. ఆ విశ్వవిద్యాలయంలో అప్పటికే ప్లేస్‌మెంట్ సెల్, మహిళా సెల్, క్వాలిటీ సెల్, ర్యాగింగ్ నిరోధక సెల్ అంటూ మొత్తం పదకొండు సెల్స్ ఉన్నాయి. తూర్పు వైపు ఈస్ట్ గేటు కూడా ఉంది. అందువల్ల ఈస్ట్ సెల్ అనేది లేదని ఎవరూ గట్టిగా చెప్పగలిగే పరిస్థితి లేదు. ఆయన నిజాయితీగానే రాశాడు.

పది రోజుల తర్వాత సింధూరకు పొడిగింపు ఉత్తర్వు రాలేదు. సంజాయిషీ మెమో వచ్చింది.

"ఈస్ట్ సెల్‌లో తీవ్రమైన స్ట్రెస్ నెలకొనియున్నదనియు, సదరు సెల్ వారికి తాము వైద్యులు కానప్పటికీ యాంటిడిప్రెసెంట్ మందులను, విటమిన్లను స్వహస్తాలతో ఇచ్చుచున్నారనియు, అధిక మోతాదు వలన వారిలో ముప్పై శాతం మంది మరణించినట్లు తామే గ్రాఫు రూపమున అంగీకరించియున్నారనియు ఇందుమూలముగా తెలియవచ్చినది. తమపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలోగా తెలియజేయవలెను."

ఆమె మెమోను గైడు దగ్గరికి తీసుకెళ్లింది. ప్రొఫెసర్ చింతాడ ధర్మారావు గారికి రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. ఆయన మెమోను రెండుసార్లు చదివి, మొదట నవ్వి, కింద రిజిస్ట్రారు సంతకం చూసి నవ్వు ఆపేశాడు. ఎదురు తిరిగినట్టు కనబడకుండా, మర్యాదగా, పొట్టిగా జవాబివ్వమని చెప్పాడు. జవాబులో తన పేరు రాయాల్సిన అవసరం ఏమీ ఉండకపోవచ్చని కూడా అన్నాడు.

ఆమె జవాబు రాయకుండా నేరుగా రిజిస్ట్రారు గదికే వెళ్లింది. మైక్రోస్కోపు కింద తీసిన ఫొటోలు పట్టుకెళ్లింది. బేకరీలో కొన్న చిన్న ఈస్ట్ ప్యాకెట్టు కూడా తీసుకెళ్లి బల్లమీద పెట్టింది. రిజిస్ట్రారు వేదగిరి సత్యానందం గారు తెలివితక్కువ మనిషేమీ కాదు. ప్యాకెట్టు చూశాడు, ఫొటోలు చూశాడు, అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు అయిదు నిమిషాల్లో అర్థమైంది.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా" అన్నాడు. "కానీ ఫైల్లో ఉన్నది కూడా నిజమే. దాని మీద నేను సంతకం చేశాను. వీసీగారు చేశారు. నిన్న పాలకమండలిలో ఈస్ట్ సెల్ సిబ్బంది మానసిక ఆరోగ్యం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఒకరిద్దరు సభ్యులకు కళ్లనీళ్లు తిరిగాయి."

సింధూర ఒక ఉపాయం చెప్పింది. పాతకాలపు పద్ధతిలో 'యీస్ట్' అని రాస్తే తేడా తెలుస్తుంది కదా అంది. ఆయన మెచ్చుకుని, ఆ సంగతి తెలుగు శాఖ అభిప్రాయానికి పంపాడు. పదం మొదట వచ్చే 'యీ'ని ఆధునిక ప్రమాణ భాషలో 'ఈ'గానే రాయాలనీ, విశ్వవిద్యాలయం వెనక్కి నడవడం తగదనీ తెలుగు శాఖ మూడు పేజీల్లో జవాబిచ్చింది.

విచారణ తేలేదాకా పొడిగింపు ఫైలు కదలదని రిజిస్ట్రారు చెప్పాడు. విచారణ తేలాలంటే ముందు ఈస్ట్ సెల్ ఉండాలి. కనుక ఫిబ్రవరి మూడో తేదీన, అంతకు అయిదేళ్ల ముందునుంచీ వర్తించేలా, ఈస్ట్ సెల్‌ను ఏర్పాటు చేస్తూ ఉత్తర్వు వెలువడింది. చిరునామాగా సింధూర ల్యాబు గది నంబరు వేశారు. దరఖాస్తులో ఉన్న గది అదే మరి.

కోఆర్డినేటరుగా డాక్టర్ కలివరపు ముకుందం గారిని నియమించారు. ఆయన వాణిజ్యశాస్త్రం మనిషి. పదవులు లేకుండా ఏడాదిన్నరగా ఉండిపోయి చిక్కిపోయినవాడు. నియామక పత్రం అందిన రోజే, ఇస్త్రీ చొక్కాతో, తన సెల్‌ను చూసుకోవడానికి ల్యాబుకు వచ్చాడు. సిబ్బంది ఏరని అడిగాడు. సింధూర ఆయన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ఆయన ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ఎంతమంది ఉంటారు?" అన్నాడు.

"ఒక్క చుక్కలో లక్షల్లో ఉంటాయి సార్."

ఆయన తల ఎత్తలేదు. కొన్ని ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయేమిటని అడిగాడు. అవి పిల్లల్ని పెడుతున్నాయని ఆమె చెప్పింది. పని వేళల్లోనా అని ఆయన గొణిగాడు. అప్పుడు లేచి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాట్లాడాడు. ఇది సిబ్బంది కాదని తనకు అర్థమైందన్నాడు. అయితే కోఆర్డినేటరు పదవి మాత్రం నిజమైనదేననీ, జాయినింగ్ రిపోర్టు కూడా ఇచ్చేశాననీ, ఇంటి దగ్గర బంధువులకు మిఠాయి పంచడం అయిపోయిందనీ చెప్పాడు. లోపల ఏముందనే విషయం ఆమెకూ తనకూ మధ్య ఉంటే సరిపోతుందట.

ఆ వారమే మిగతా సెక్షన్లలో ఎవరికీ పొసగని ముగ్గురు ఉద్యోగుల్ని ఈస్ట్ సెల్‌కు బదిలీ చేశారు. వాళ్లకు పనేమీ లేదు. పనేమిటని అడిగితే ముకుందం గారు ప్రస్తుతానికి స్ట్రెస్ తగ్గించుకోవడమే పని అన్నాడు. పొద్దున్న పదికి యోగా, పదకొండుకు నవ్వుల వ్యాయామం, పన్నెండుకు కౌన్సెలింగు, ఒంటిగంటకు విటమిన్ మాత్రలు. మధ్యాహ్నం మళ్లీ ఇదే వరస. వారం తిరిగేసరికి ఒకాయనకు నిద్ర పట్టడం మానేసింది. రెండో ఆయన నవ్వుల వ్యాయామంలో ఏడుపు మొదలుపెట్టి ఆపలేకపోయాడు. మూడో ఆవిడ పాత సెక్షన్‌కు పంపమని కాళ్లావేళ్లా పడింది. సర్వే చేస్తే స్ట్రెస్ తొంభై ఒక్క శాతం తేలింది. ముకుందం గారు సంబరపడిపోయి విటమిన్లు రెట్టింపు చేయించాడు. వాళ్ల ముఖాలు వాలిపోతున్న తీరు చూసి సింధూర తనకు తెలియకుండానే నోటుబుక్కులో ఓ గీత గీసుకుంది. ఆ గీతకూ తన పళ్లేల గీతకూ పెద్ద తేడా లేదు.

ఇక మరణాల సంగతి మిగిలింది. విధి నిర్వహణలో మరణించిన వారి కుటుంబాలకు కారుణ్య నియామకం ఇవ్వాలని నిబంధన ఉంది. ఈస్ట్ సెల్‌లో ముప్పై శాతం పోయారని ఫైలు చెబుతోంది. కనుక అర్హులు దరఖాస్తు చేసుకోవచ్చని నోటీసు బోర్డుకు ప్రకటన అంటించారు. వారసులుగా నలభై ఒక్కమంది వచ్చారు. అందులో నలభైమంది కాగితాలు అబద్ధాలని వడపోతలో తేలింది. ఒక్కరి కాగితం మాత్రం నిలబడింది.

ఆవిడ పేరు కొల్లి ఎల్లారమ్మ. ఆమె భర్త పదహారేళ్లు ఈస్ట్ గేటు దగ్గర కాంట్రాక్టు వాచ్‌మన్‌గా పనిచేసి, నాలుగేళ్ల కిందట ఆ గేటు దగ్గరే గుండె ఆగి పోయాడు. కాంట్రాక్టు మనిషికి కారుణ్యం వర్తించదని అప్పట్లో ఆమె అర్జీలు ఏడింటిని వెనక్కి పంపారు. ఎనిమిదో అర్జీలో ఆమె ఒక్క అబద్ధం కూడా రాయించలేదు. 'నా భర్త ఈస్టులో పనిచేసి చనిపోయినాడు' అని ఉంది. కమిటీ దాన్ని చూసి, ఇంతకాలం అన్యాయం జరిగిందని విచారం వెలిబుచ్చి, అటెండరుగా నియమించింది.

ఎల్లారమ్మ చేరిన మొదటిరోజే ల్యాబు అంతా తడిగుడ్డతో తుడిచింది. యోగాకు పిలిస్తే తనకు ఒళ్లు బాగానే ఉందని చెప్పి వెళ్లలేదు. ఊరికే కూర్చోవడం చేతకాక, ఏదైనా పని చెప్పమని సింధూరను అడిగింది. సింధూర ఆమెకు పళ్లేల్లో ఈస్ట్ చుక్కలు లెక్కపెట్టడం నేర్పింది. ఐదో తరగతి చదివిన ఆ మనిషి ఒక్క చుక్క తేడా రాకుండా లెక్కపెట్టేది.

"ఇవి బతికినయ్యి, ఇక్కడ సచ్చినయ్యి" అని చూపించేది. "ఈ పల్లెంలో బిళ్ల ఎక్కువ పడిపోయినట్టుంది. పాపం, మరీ సేసేసేరు."

మార్చి తొమ్మిదో తేదీన సింధూర చివరి ప్రయోగం నడుస్తోంది. గాజు కుప్పెల్లో ఈస్ట్ పద్దెనిమిది గంటలు వెచ్చగా, ఆగకుండా ఊగుతూ ఉండాలి. ఆమె భోజనానికి వెళ్లిన సమయంలో కౌన్సెలింగు వాళ్లకు తులసి కషాయం కాచుకోవాలనిపించింది. ప్లగ్గు ఖాళీ లేదు. ఊగే యంత్రం ప్లగ్గు పీకి కెటిల్ పెట్టారు. కషాయం అయ్యాక మళ్లీ పెట్టడం మరిచిపోయారు. ఫ్రిజ్‌లో విటమిన్ రసం సీసాలకు చోటు చాలక, అందులో విత్తనంలా దాచుకున్న పాత ఈస్ట్ కుప్పెల్ని కిటికీ గట్టుమీద ఎండలో పెట్టారు. ఎల్లారమ్మ ఆరోజు వేలిముద్రల పనిమీద ఆఫీసుకు వెళ్లి ఉంది. ఆమె తిరిగొచ్చేసరికి సింధూర నేలమీద కూర్చుని ఉంది. చుట్టూ చెడిపోయిన ఈస్ట్ కుప్పెలున్నాయి. ఏడవడం లేదు. ముకుందం గారు గుమ్మంలో నిలబడి, జరిగిన నష్టాన్ని పురస్కరించుకుని ఆమెకు కూడా రెండు కౌన్సెలింగులు ఏర్పాటు చేస్తానన్నాడు.

సింధూర ఆ సాయంత్రమే వైస్ ఛాన్సలర్‌కు ఉత్తరం రాసింది. ఇంగ్లీషులో రాసింది. ఈస్ట్ మాట మొదట్లోని వై అక్షరాన్ని ప్రతిచోటా పెద్దదిగా, ఎర్రసిరాతో దిద్దింది. సెల్ అబద్ధమని, సిబ్బంది అబద్ధమని, చావులు అబద్ధమని, నియామకాలు కూడా అబద్ధమని రాసింది. కవరులో పెడుతుండగా ఎల్లారమ్మ చూసింది. ఏం రాశావని అడిగితే సింధూర దాచకుండా చెప్పింది.

ఎల్లారమ్మ కాసేపు పళ్లేలు సర్దుతూ ఉండిపోయింది.

"అయితే నా ఉజ్జోగం పోద్దా తల్లీ?"

సింధూర కవరును బల్లమీద పెట్టింది.

"నీ సదువు పాడైపోకూడదు" అంది ఎల్లారమ్మ. "పంపీ. నాను నాలుగేళ్లు ఊరికే తిరిగినాను కదా, ఇంకా తిరగ్గల్ను."

మామూలుగానే అంది. కోపం లేదు, దెప్పడం లేదు. అందువల్లనే సింధూరకు కవరు అంటించడం సాధ్యం కాలేదు. మర్నాడు ఉదయం బస్సెక్కి శ్రీకాకుళంలోని ఓ డిగ్రీ కాలేజీకి వెళ్లింది. అక్కడ పాఠాలు చెప్పే స్నేహితురాలికి రెండేళ్ల కిందట ఇచ్చిన, ఇదే రకం ఈస్ట్ ఉన్న గాజుగొట్టం అడిగి తెచ్చుకుంది. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ప్లగ్గు దగ్గర ఎల్లారమ్మ స్టూలు వేసుకుని కూర్చుంది. కెటిల్ పట్టుకుని ఎవరొచ్చినా ఆమె ఏమీ అనేది కాదు, వాళ్లనే చూస్తూ ఉండేది. వాళ్లు కషాయం మానేశారు.

మార్చి ఇరవై నాలుగున విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చే పరిశీలక బృందం వచ్చింది. నాయకురాలు పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దావిడ. జన్మంతా సూక్ష్మజీవులతో గడిపిన మనిషి. ఆ ఏటి ఉత్తమ కార్యక్రమంగా ఈస్ట్ సెల్‌ను చూపించాలని వీసీగారు నిశ్చయించారు. ముకుందం గారు ముగ్గురు ఉద్యోగుల్నీ వరసగా నిలబెట్టి నవ్వించాడు. ఆవిడ వాళ్లను దాటుకుని నేరుగా పళ్లేల దగ్గరికి నడిచింది. ఎల్లారమ్మ పక్కన కూర్చుని, తనకు వచ్చిన తెలుగులో ఇవేమిటని అడిగింది.

"ఇది దిగులు బిళ్లండి, ఇది విటమిను. కుంచెం ఏత్తే బాగుంటాయి. బాగుందని మరీ ఏసేత్తే సచ్చిపోతాయి" అంది ఎల్లారమ్మ.

పెద్దావిడ సింధూర నోటుబుక్కులు తీసి గంటసేపు చదివింది. బృందంలో మిగతావాళ్లు టీ తాగి, జీడిపప్పు తిని, అలిసిపోయారు. వెళ్లేముందు ఆవిడ ఇంగ్లీషు నివేదికలో ఒక పేరా రాసింది. ఈస్ట్ మీద జరుగుతున్న పని శ్రద్ధగా, శుభ్రంగా ఉందనీ, దీన్ని సకాలంలో పూర్తిచేయనివ్వాలనీ, సహాయకురాలి లెక్కలు ప్రత్యేకంగా ప్రశంసించదగినవనీ ఉంది. ఈస్ట్ అనే మాటకు ముందు వై ఉంది.

నివేదిక కాపీ రిజిస్ట్రారు బల్లమీదికి చేరింది. ఇప్పుడు పైనుంచి వచ్చిన కాగితంలోనే వై ఉంది. కింది ఫైళ్లలో తూర్పు ఉంది. తప్పు జరిగిందని ఒప్పుకుంటే సంతకాలు చేసిన వారందరూ తప్పు చేసినట్టవుతుంది. ఒప్పుకోకపోతే గ్రేడు పోతుంది. సత్యానందం గారు రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని, మూడోరోజు ఉత్తర్వుతో వచ్చాడు. మార్చి ముప్పైన అది ఈస్ట్ సెల్‌కు చేరింది. ముకుందం గారు విప్పి చూసి, అర్థం కాక, సింధూరకిచ్చాడు. ఆమె అందరికీ వినబడేలా చదివింది.

"సవరణ ఉత్తర్వు. ఒకటి. ఇంతకుముందు వెలువడిన సమస్త ఉత్తర్వులలోను 'ఈస్ట్' అని ఉన్నచోటెల్లా 'ఈస్ట్' అని చదువుకొనవలెను. రెండు. సదరు సవరణ దృష్ట్యా, ఈస్ట్ సెల్‌లో సంభవించిన మరణాలు సహజ మరణాలుగా పరిగణించడమైనది. కావున స్కాలరుపై విచారణను ఉపసంహరించడమైనది. ఆమె కోరిన ఆరు మాసముల పొడిగింపు మంజూరు చేయడమైనది. మూడు. ఇదివరకే జరిగిన నియామకములకు పై సవరణ వలన ఎట్టి భంగమూ వాటిల్లదు."

బదిలీ మీద వచ్చిన ముగ్గురిలో ఒకాయన, మొదటి ఈస్టుకూ రెండో ఈస్టుకూ తేడా ఏమిటని అడిగాడు. ముకుందం గారు కాగితం తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. రెంటిలోనూ అవే అక్షరాలున్నాయి. చాలా లోతైన సవరణ అని తల పంకించి, ఫైల్లో పెట్టుకున్నాడు.

సింధూర ల్యాబులోకి వెళ్లి స్టూలు మీద కూలబడింది. నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఎల్లారమ్మ వేలు పళ్లెం మీద పెట్టుకునే తలెత్తి చూసింది.

"ఇంతకీ మా ఆయన ఏ ఈస్టులో సచ్చిపోయినట్టమ్మా?" అంది.

సింధూర ఆలోచించింది. ఉత్తర్వును తిరగేసి చూసింది.

"పాత ఈస్టులోనే. కానీ కొత్త ఈస్టుగా చదువుకోవాలంట."

"మరి నా ఉజ్జోగం?"

"ఉంటుందమ్మా. రెండు ఈస్టుల్లోనూ ఉంటుంది."

ఎల్లారమ్మ తృప్తిగా తల ఊపి, పళ్లెం వైపు తిరిగింది. మాటల్లో పడి ఎంతదాకా లెక్కపెట్టిందో మరిచిపోయింది. తిట్టుకోకుండా, చెమట పట్టిన వేలు చీరకు తుడుచుకుని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.